తలకో మూత

తేనెబందలో అతన్ని బండి గాసి అంటారు. ఆ కొండ మీద ఇంకో గాసి లేడు, ఇంకో బండీ లేదు. అయినా అలాగే అంటారు. రేషన్ కార్డులో కొర్రా గాసి అని ఉంటుంది గాని ఆ పేరు వింటే అతనే ఒక్క క్షణం ఆలోచించి పలుకుతాడు. ముప్పై దాటలేదు, చెవుల పక్కన జుట్టు అప్పుడే నెరిసింది. మాట తక్కువ. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే చేతులు లుంగీకి తుడుచుకోవడం మొదలుపెడతాడు, చేతులకు ఏమీ అంటుకోకపోయినా.

తేనెబంద నుంచి కిందికి రావాలంటే ముందు పెద్ద దిగుడు. దిగుడు చివర గెడ్డ, అంటే కొండవాగు. గెడ్డ దాటాక తారురోడ్డు దాకా ఒక ఎక్కుడు, చిన్నదే గాని నిట్టనిలువుది. దారి అంటే ఆవులు నడిచి నడిచి చేసిన గీత. తారురోడ్డు పక్కన, ఈ ఊరికి రోడ్డు వేస్తామని ఒక శంకుస్థాపన రాయి పాతారు. ఆ రోజు రాయికి పూలదండ వేశారు, ఊరి ఆడవాళ్ళచేత థింసా ఆడించారు, ఫొటోలు తీసుకున్నారు, జీపులెక్కి వెళ్ళిపోయారు. రాయి ఇంకా ఉంది. మేకలు దాని మీదికెక్కి దూకుతుంటాయి.

ఊళ్ళో ఫోనుకి సిగ్నల్ రాదు. ఊరికి పైన ఒక బండ ఉంది, దాని మీద నిలబడితే వస్తుంది. అక్కణ్ణుంచి అంబులెన్సుకి ఫోను చేస్తే, మనిషిని తారురోడ్డు దాకా తెచ్చుకోండి అంటారు. ఇక ఆ తెచ్చుకోవడం ఊరివాళ్ళ తిప్పలు. కర్రకి రెండు కొసల్లో ఇద్దరు, మధ్యలో దుప్పటి డోలీ. గాసి తల్లి ఆఖరిసారి కొండ దిగింది అలాగే, కొడుకు భుజం మీద.

బండి మాత్రం కొండ మనుషుల కోసం పుట్టింది కాదు. అరకు చూడ్డానికొచ్చే పట్నం వాళ్ళ సరదా కోసం పుట్టింది. ఒకాయన రోడ్డు పక్కన పొలం తీసుకుని, దున్నించి, నీళ్ళు పెట్టి, కావాలని బురద చేసి, చుట్టూ పాత టైర్లు పాతి, చిన్న చిన్న డర్ట్ బైకులు తెచ్చాడు. జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ ఆ బురదలో పడేవారు. పడి నవ్వేవారు. గాసి అక్కడ బళ్ళు కడిగే పనిలో ఉండేవాడు. బురదలో కాలు జారకుండా తల్లిని మోసినవాడు, ఆ నవ్వేమిటో అర్థం కాక పైపు పట్టుకుని చూస్తూ ఉండిపోయేవాడు.

కరోనాతో ఆ ఆట మూతబడింది. యజమాని నడిచే బళ్ళన్నీ అమ్మేసుకుని, చక్రం వంగిన ఒకదాన్ని షెడ్డులో వదిలేశాడు. గాసి ఒక బస్తా రాజ్మా ఇచ్చి దాన్ని తోసుకుంటూ కొండెక్కాడు. ఎదిగిన పొట్టేలంత ఉంటుంది అంతే. టూ స్ట్రోక్ ఇంజను, పెట్రోల్లోనే ఆయిలు కలిపి పొయ్యాలి. వెనక మనిషి కూర్చోడానికి చోటు లేదు. గాసి పనస చెక్క ఒకటి బిగించి, దాని మీద గోనె మడిచి కట్టాడు. చక్రం సాపు చేయించాడు. మొదట్లో ఊరంతా నవ్వింది. తర్వాత రేషన్ బియ్యం దాని మీదే వచ్చాయి. మిరియాలు దాని మీదే సంతకి పోయాయి. జ్వరమొచ్చిన ముసలాళ్ళు గాసి నడుము పట్టుకుని, కళ్ళు మూసుకుని, కొండ దిగారు.

కనక కూడా నవ్విన వాళ్ళలో ఒకతి. పెళ్ళయి వచ్చిన కొత్తలో గుమ్మంలో కూర్చుని అనేది, "నా మొకం కన్నా దాని మొకమే ఎక్కువ తుడుత్తావు బావా."

"అది తిరిగి మాట్టాడదు కదే."

"అయితే రేత్రికి అంబలి కూడా దాన్నే కాయమను."

అలా ఉండేది వాళ్ళ కాపురం. గట్టిగా అరుచుకున్నది ఎవరూ వినలేదు.

తేనెబందలో ఏది పంచినా తలలు లెక్కపెడతారు. వేటలో అడవిపంది పడితే ఊరంతటికీ వాటాలు. వేటకి వెళ్ళినవాడికీ, మంచాన పడ్డవాడికీ సమానమే. కడుపుతో ఉన్న మనిషికి మాత్రం రెండు వాటాలు, ఒకటి ఆమెకి, ఇంకోటి లోపలివాడికి. పుట్టనివాడు కదా అని ఎవరూ తగ్గించరు. గాసి బండికి ఆయిలు కూడా ఈ లెక్కనే పోసేవాడు. ఆయిలు డబ్బా మూతే కొలత. ఒక్కడే వెళ్తే ఒక మూత. వెనక మనిషెక్కితే ఇంకో మూత. బస్తా వేస్తే బస్తాకీ ఒకటి. బరువు మోసేదానికి బలం కావాలి, బలం ఆయిల్లో ఉంది. అలా పొయ్యమని ఎవరూ చెప్పలేదు, పొయ్యొద్దని చెప్పినవాడూ లేడు. బండి తెల్లగా పొగ కక్కేది. ఊరి పిల్లలు ఆ పొగలో పరిగెత్తేవాళ్ళు. అప్పుడప్పుడు ఆగిపోయేది. ప్లగ్గు విప్పితే నల్లగా, జిడ్డుగా, కాటుక పట్టించినట్టు ఉండేది. గాసి దాన్ని రాయికి రుద్ది, లుంగీకి తుడిచి, మళ్ళీ బిగించేవాడు. మేకలు దగ్గుతాయి, ఇదీ దగ్గుతుంది అనుకునేవాడు.

కనకకి నొప్పులొచ్చింది వలిసె పూలు విరగబూసిన రోజుల్లో. కింద లోయంతా పసుపు పచ్చ. ఆ పసుపులో నిలబడి ఫొటోలు దిగడానికి వచ్చిన కార్లతో అరకు రోడ్డు నిండిపోయి ఉంది. తెల్లారి ఎండ ఇంకా మంచులోంచి దిగలేదు. గాసి చెల్లెలు చిట్టి మొగుడు సుక్రు పరిగెత్తి ఊరి పైన బండ మీదికెక్కి ఫోను చేసి వచ్చాడు. "తారురోడ్డుకి వత్తందట బావా. బేగి బయల్దేరండి."

గాసి పెట్రోలు పోశాడు. మూతతో ఆయిలు కొలిచాడు. తనకొకటి. కనకకొకటి. డబ్బా వంచి ఇంకోటి కూడా పోశాడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డ కనక అది చూసింది.

"లోపలోడికీ పోసినావేటి బావా?"

"పొయ్యనా మరి? ఆడు ఊరకే వత్తాడేటి?"

నొప్పి మధ్యలోనే నవ్వింది.

దిగుడంతా గాసి ప్రాణాలు పిడికిట్లో పెట్టుకుని దించాడు. రెండు కాళ్ళూ నేల మీద ఆన్చి, బ్రేకు వదిలీ వదలకుండా, ఒక్కో రాయినీ తప్పించి. ఎక్సిలేటర్ జోలికే పోలేదు. ఇంజను అడుగున గునగునమంటూ ఉంది. వెనక కనక అతని చొక్కా పళ్ళతో పట్టుకుంది. "మెల్లగా బావా, మెల్లగా." "మెల్లగానే కదే తోలుతున్నాను." అంతకన్నా మెల్లగా ఆ కొండని ఎవరూ దిగి ఉండరు. నిండు కుండ నెత్తి మీద పెట్టుకున్నవాడిలా దిగాడు.

గెడ్డలో నీళ్ళు మోకాలికి లేవు. దాటాడు. అవతల ఎక్కుడు మొదట్లో ఎక్సిలేటర్ తిప్పాడు. బండి గొంతులో నీళ్ళు పడ్డట్టు గురగురమంది. పొగ వచ్చింది. ఆగిపోయింది.

కిక్కు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కనకని దించి, గోనె పరిచి పడుకోబెట్టి, ప్లగ్గు విప్పాడు. నల్లగా, తడిగా ఉంది. రాయికి రుద్ది, లుంగీకి తుడిచి బిగించాడు. కొట్టాడు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ అదే తడి. ఎత్తుకుని వెళ్దామని కనకని చేతుల్లోకి తీసుకుని నాలుగడుగులు వేశాడు గాని, ఆమె పెట్టిన కేక వినలేక మళ్ళీ దించేశాడు. అప్పటికే గోనె తడిసింది, నీళ్ళతో కాదు. పైన చెట్ల సందులోంచి అంబులెన్సు తెల్లరంగు కనపడుతూనే ఉంది. గొంతు చించుకుని అరిచాడు. గెడ్డ చప్పుడు దాటి అరుపు పోలేదు. మళ్ళీ బండి దగ్గరికే వచ్చాడు. కిక్కు కొట్టి కొట్టి మడమ చీరుకుపోయింది.

వెనకాల నడిచి వస్తున్న సుక్రు, ఇంకో ఇద్దరూ డోలీ కర్రతో, వాళ్ళ వెనకే చిట్టీ చేరుకునేసరికి కనక ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఎక్కుడు సగంలో ఉండగా ఆమె చెయ్యి దుప్పట్లోంచి జారి వేలాడింది. దాన్ని పట్టుకుని గాసి రోడ్డు దాకా నడిచాడు. అంబులెన్సులో ఉన్నమ్మాయి చూసింది, కళ్ళు దించుకుంది. లోపలివాడు లోపలే ఉండిపోయాడు.

గెడ్డ పట్టేసింది అన్నారు ఊళ్ళో. బిడ్డతో ఉన్న మనిషిని మొక్కు చెల్లించకుండా గెడ్డ దాటించినందుకు గెడ్డ దేవతకి కోపమొచ్చిందన్నారు. నల్లకోడిని కోశారు. గాసి కాదనలేదు. ఆ మాటలో అతనికి కూర్చోడానికి కాస్త చోటు దొరికింది. దేవత తీసుకుంటే మనిషి ఏం చేస్తాడు? బండిని పశువుల పాకలోకి నెట్టేశాడు. పనస చెక్క మీద కోళ్ళు పడుకోసాగాయి. మళ్ళీ అన్నీ భుజాల మీదే దిగాయి, ఎక్కాయి.

అలా ఎన్నాళ్ళు ఉండేదో గాని, చిట్టికి నెల తప్పింది. కడుపు కనబడే నాటికి సుక్రు ఒక సాయంత్రం వచ్చి పాక ముందు కూర్చున్నాడు. చాలాసేపు చుట్ట కాల్చాడు.

"బావా, బండి బాగుసేయించవా?"

గాసి చేతులు తుడుచుకున్నాడు.

"డోలీ అంటే చిట్టికి భయం. వదిన చెయ్యి అలా జారడం అదీ సూసింది కదా. నువ్వు బండి మీద దింపితే వత్తానంతంది."

చెల్లెలు అడిగించిన మాట. గాసి కోళ్ళని తోలి, బండిని బయటికి లాగి, మర్నాడు అరకుకి తోసుకుంటూ వెళ్ళాడు.

కొండబాబు శృంగవరపుకోట వైపు మనిషి, అరకులో రేకుల షెడ్డు కింద రిపేర్లు చేస్తాడు. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. సైలెన్సరు విప్పి నేలకి కొట్టాడు. నల్లటి మసి ముద్దలు ముద్దలుగా రాలింది.

"ఏట్రా ఇది, బండా, పొయ్యి గొట్టమా? ఆయిలెంత పోత్తావు?"

గాసి చెప్పాడు. తలకో మూత.

కొండబాబు పకపకా నవ్వాడు. "ఓర్నీ! పెళ్ళి భోజనం వడ్డించినట్టు వడ్డించేత్తన్నావు కదరా! ఇంజనుకి మనుసులతో ఏటి పని? పెట్రోలుకి తగ్గ ఆయిలు, అంతే. ఒక్కడెక్కినా, పదిమందెక్కినా అదే. ఎక్కువయిందా, కాలదు. కాలనిది పోయి ప్లగ్గు మీద కూకుంటాది. మరి తోలడం ఎలా తోల్తావు?"

"మెల్లగా."

"దిగుడులో?"

"మరీ మెల్లగా. ఎక్సిలేటర్ ముట్టుకోను."

"సర్లే. సచ్చింది గొర్రె." కొండబాబు స్పానరు పెట్టేసి చెయ్యి ఎత్తి చూపించాడు. "ఇది ఎడ్లబండి కాదురా నాయనా. సిన్న ఇంజను, కోపం మీద బతికే ఇంజను. దీన్ని అరిపిత్తూ ఉండాలి. కొండంతా గునగునా దించుకుంటూ వత్తే లోపల ఆయిలు నిండిపోతాది. కిందకెళ్ళి ఎక్కుడులో తిప్పితే ఇంకేటుంది, ప్లగ్గు ములిగిపోతాది, ఆగిపోద్ది. దిగినప్పుడు కూడా జోరు తగ్గకుండా తోలాల, తగ్గితే క్లచ్చి పట్టి బర్రుబర్రుమనిపించాల. కొత్త పెళ్ళికూతుర్ని ఊరేగించినట్టు తోల్తే సావదేటి?"

కొండబాబు కార్బొరేటర్లో సూది మీది క్లిప్పు మార్చి, పెట్రోలు తగ్గేలా పెట్టాడు. మీ కొండ మీద గాలి పల్చన, కింద పెట్టినట్టు పెడితే కుదరదన్నాడు. మరీ తగ్గిస్తే ఇంజను కాలి పట్టేస్తుందనీ చెప్పాడు. కొత్త ప్లగ్గు బిగించి, "తోలి విప్పి చూసుకో. నలుపు రాకూడదు, తెలుపూ రాకూడదు. పాలు పోసిన కాఫీ రంగులో ఉండాల" అన్నాడు.

"అదెలాగుంటాది?"

"కాఫీ తోటలో పుట్టి కాఫీ రంగు తెలీదేట్రా!"

తేనెబందలో ఇంటింటికీ కాఫీ మొక్కలున్నాయి. గింజలు కోసి అమ్ముతారు. తాగినవాడు లేడు. కొండబాబు తిట్టుకుంటూ పక్క హోటల్నుంచి ఒక గ్లాసు తెప్పించి చేతికిచ్చాడు. గాసి తాగలేదు. గ్లాసులోకి చూస్తూ అడిగాడు.

"గట్టిగా తోలుంటే ఆగిపోను కదా?"

"నువ్వెందుకాగుతావురా, బండి."

"అదే. బండి. గట్టిగా తోలుంటే."

"గట్టిగా తోల్తే ఎందుకాగుతాది?" అంటూ కొండబాబు అప్పటికే ఇంకో బండి మీదికి వంగిపోయాడు.

గాసి ఆ రోజు బాగైన బండిని కూడా ఎక్కకుండా తోసుకుంటూనే కొండెక్కాడు. గెడ్డ దగ్గర నీళ్ళలో నిలబడిపోయాడు. దేవత లేదు అక్కడ. వట్టి నీళ్ళు. కనక నొప్పి పడుతోందని, కుదుపు తగలకూడదని, తల్లీ బిడ్డా పదిలంగా దిగాలని అతను చేసిన ప్రతి పనీ ఒక్కొక్కటే ఆ నీళ్ళ మీద కనబడింది. మొగుళ్ళు పెళ్ళాల్ని కొట్టి చంపుతారని విన్నాడు. కొండబాబు నవ్వుతూ చెప్పిన లెక్క ప్రకారం, కాస్త కఠినుడైన మొగుడయితే కనక బతికేది. ఈ సంగతి చెప్పడానికి ఊళ్ళో ఎవరూ లేరు. చెప్పినా, వాళ్ళు దేవతనే నమ్ముతారు. నమ్మగలిగినవాళ్ళు అదృష్టవంతులు.

ఆ తర్వాత ఊరు అతనికి పిచ్చెక్కిందనుకుంది. సైలెన్సరుని నెగడులో ఎర్రగా కాల్చి మసి వదలగొట్టాడు. దగ్గుమందు సీసా మీది గీతల మూత తెచ్చి ఆయిలు దాంతో కొలిచాడు. గోనెలో రాళ్ళు నింపి, పనస చెక్కకి మనిషిని కట్టినట్టు కట్టి, పొద్దున్నే బర్రుబర్రుమంటూ కొండ దిగేవాడు, గెడ్డ దాటేవాడు, ఎక్కుడెక్కేవాడు. రోడ్డు మీద ప్లగ్గు విప్పి చూసేవాడు. నలుపు తగ్గేదాకా సూది కదిపాడు. ఒకసారి రాళ్ళ గోనెతో సహా పడి మోచెయ్యి కొట్టుకుపోయింది. మర్నాడు మళ్ళీ దిగాడు. ముసలాళ్ళు చెవులు మూసుకుని తిట్టారు. "పెళ్ళాం పోయిన దుఃఖం నెత్తికెక్కింది" అన్నారు. కొంత నిజమే.

చిట్టికి నొప్పులు జీలుగు చెట్ల మీద ఎండ పడే వేళ మొదలయ్యాయి. సుక్రు బండ మీదికెక్కి ఫోను చేసి వచ్చేసరికి గాసి పెట్రోలు పోసి సిద్ధంగా ఉన్నాడు. చిట్టి పాకదాకా నడిచి వచ్చి ఆగింది.

"నా ముందర పొయ్యి అన్నా. లోపలోడి వాటా."

"కలిపేసినాను."

"ఆడిది పొయ్యలేదు. సూసినాను నాను."

"వొద్దే."

"ఒక్క మూత పోసెయ్యి బావా," అన్నాడు సుక్రు, "దాని మనసు కోసం."

"వొద్దు," అన్నాడు గాసి. ఆయిలు డబ్బా తీసి పాక కప్పు మీదికి విసిరేశాడు. చిట్టి మొహం పాలిపోయింది. తన బిడ్డ ఇంకా పుట్టకుండానే ఊరి లెక్కలోంచి కొట్టేసినట్టు చూసింది. అయినా ఎక్కింది, వేరే దారి లేక.

దిగుడు మొదట్లోనే ఆమె "మెల్లగా అన్నా" అంది. గాసి బ్రేకు వదిలి, క్లచ్చి పట్టి ఇంజనుని అరిపించాడు. బండి రాళ్ళ మీద ఎగిరిపడింది. "సచ్చిపోతాను అన్నా, ఆపు!" ఆపలేదు. ఆమె పిడికిళ్ళతో అతని వీపు మీద కొట్టింది. "నీకు బిడ్డ లేదని నాకూ లేకుండా సేత్తావా? వదిన్ని సంపినావు, నన్నూ సంపెయ్!" ఆ మాట ఆమె నొప్పిలో అన్నది, నిజం తెలిసి కాదు. గాసి పళ్ళు బిగించాడు. కళ్ళలో నీళ్ళకి దారి మసకబారితే భుజానికి తుడుచుకున్నాడు గాని చెయ్యి మాత్రం తగ్గించలేదు. గెడ్డ నీళ్ళు రెండు పక్కలా చీలి లేచాయి. ఎక్కుడులో తిప్పగానే బండి గర్జించి, ముందు చక్రం గాల్లోకి లేపి, పట్టుకుంది. ఒక్కచోట కూడా తడబడలేదు. తారురోడ్డు మీద అంబులెన్సు తలుపు తెరిచి ఉంది.

గుంట పుట్టింది, ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. సాయంత్రం ఆసుపత్రిలో చిట్టి అన్నని పిలిపించుకుంది.

"నోటికొచ్చినట్టు తిట్టేసినాను అన్నా."

"పరవాలేదు."

"కొట్టినాను కూడా."

"తెలుసు. ఇంకా మండతంది."

ఇద్దరూ కాస్త నవ్వారు. తర్వాత చిట్టి పిల్లని సర్దుకుంటూ, ఏ దురుద్దేశమూ లేకుండా, అడిగింది. "ఇంత బేగి దించడం నీకొచ్చు కదా. మరి వదినప్పుడు ఎందుకు దించలేదు?"

గాసి చేతులు తుడుచుకున్నాడు. "అప్పుడు రాదు," అన్నాడు. అంతకుమించి ఎవరికీ, ఇప్పటిదాకా, ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు చుట్టుపక్కల కొండల వాళ్ళు కూడా అతని కోసం వస్తారు. రోడ్డు ఇంకా రాలేదు. నెలలు నిండిన మనిషున్న ప్రతి ఊళ్ళోనూ బండి గాసి కావాలి గాని, బండి గాసి అంటే ఎవరికీ ఇష్టం లేదు. రాతిగుండె మనిషి అంటారు. దించిన ప్రతి ఆడమనిషీ అతన్ని తిట్టే దిగింది. సుక్రు మళ్ళీ పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు.

మొన్న వానల్లో పక్క కొండ మనిషిని తెస్తున్నాడు. తొలిచూలు. దిగుడంతా ఏడుస్తూనే ఉంది, వెనక నుంచి అతని జుట్టు పట్టుకుని లాగింది. "మెల్లగా పోనియ్యరా! ఆడదాని నొప్పంటే ఏటో తెలుసునా నీకు? ఇంట్లో పెళ్ళాం లేదేట్రా?"

"లేదమ్మా," అన్నాడు గాసి, ఇంకాస్త తిప్పాడు.

వాన చప్పుడుకి ఆమెకి వినపడిందో లేదో. ఆమె తిడుతూనే ఉంది. ఇంజను అరుస్తూనే ఉంది. దారి మలుపు తిరిగింది.